పెండింగ్ బస్కీలు

మానవ శరీరంలో ఆరు వందలకు పైగా కండరాలున్నాయి. వాటిలో ఒక్కటైనా ఇంతవరకు ఒక సర్క్యులర్ చదివినట్టు ఆధారాల్లేవు. పరిపాలనా రంగంలో ఇదెంత పెద్ద లోపమో సుబేదారిలోని రికార్డుల సమన్వయ కార్యాలయంలో సీనియర్ సూపరింటెండెంట్‌గా ఉన్న భానుచందర్‌కు మొన్న మార్చి నెలాఖరున తెలిసొచ్చింది. (రికార్డులను దేనితో సమన్వయం చేస్తారన్నది వేరే ఫైలు.)

మార్చి దాటితే క్రీడల నిధులు వెనక్కి పోతాయి. అందుకే ఆ కార్యాలయంలో ఉద్యోగుల ఆరోగ్యం ఏటా మార్చి నాలుగో వారంలోనే బాగుపడుతుంది. ఈసారి శనివారం నాడు పరకాల శాఖతో తాడు లాగుడు పోటీ పెట్టారు. ఆరేళ్లుగా గెలుపు పరకాల వాళ్లదే. సుబేదారి వాళ్లు ప్రతిసారీ ద్వితీయ స్థానం సాధిస్తున్నారు.

తాడు లాగుడులో అందరికన్నా వెనక, తాడును నడుముకు చుట్టుకుని నిలబడే మనిషే కీలకం. ఆయన కదలకపోతే జట్టు కదలదు. కదలకుండా ఉండడంలో ఇరవై ఆరేళ్ల అనుభవమున్న భానుచందర్ ఆ చోటు తనదేననుకోవడంలో తప్పేమీ లేదు. పైగా సీనియారిటీ జాబితాలో మొదటి పేరు ఆయనదే.

అయితే ఆ చోటు కోసం ఇంకొకరు అడిగారు. అటెండర్ రాయమల్లు. ఆ బిల్డింగులో లిఫ్ట్ పనిచేయదు. (దాని మరమ్మతు ఫైలును కూడా మూడో అంతస్తుకు మోసింది రాయమల్లే.) ముప్పై ఒక్క ఏళ్లుగా రోజుకు ఇరవై సార్లు మెట్లెక్కుతున్నాడు. ఏటేటా ఫైళ్లు లావెక్కాయి, వాటితోపాటు ఆయన పిక్కలూ గట్టిపడ్డాయి.

"సారూ, గీ నెలాఖరుకు రిటైర్ అయితాన," అన్నాడు రాయమల్లు, చాయ్ గ్లాసు టేబుల్ మీద పెడుతూ. "గీ ఒక్కసారి నన్ను ఎనక నిలబెట్టరాదుండ్రి. ముప్పై ఒక్క ఏండ్ల నౌకరిల నా పేరు రాసిన కాయితం ఇంట్ల ఒక్కటి లేదు. గెలిస్తె సర్టిఫికెట్ ఇస్తరు గదా. మరిపెడ కాడ మా ఊర్లె మా ఇంటామె మొగిలమ్మ గోడకు మొల గూడ కొట్టి పెట్టింది."

"సూద్దాంలే రాయమల్లన్నా," అన్నాడు భానుచందర్. ఆ కార్యాలయంలో ఆ మాటకు అర్థం ఏమిటో రాయమల్లుకు తెలియనిది కాదు. ఆమోదం పొంది వచ్చిన జాబితాలో ఆయన పేరు 'మంచినీళ్ల ఏర్పాట్లు' కింద ఉంది.

జట్టు సభ్యులు పది రోజులపాటు రోజుకు ఇరవై అయిదు బస్కీలు తీసి, రిజిస్టర్‌లో సంతకం చేయాలని సర్క్యులర్ వచ్చింది. నేర్పడానికి ఎదురు వీధి జిమ్ నుంచి ఉదయ్ అనే కోచ్‌ను పిలిపించారు. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టారు. ఉదయ్ ఒక విషయం చెప్పాడు.

"సార్, బస్కీలు తీసేటప్పుడు కండ పెరగదు. అప్పుడు లోపల సన్నసన్నగ చినుగుతది. మీరు మంచిగ తిని పండుకున్నంక అదే అతుక్కుంటది, ముందటికన్న జర గట్టిగ. గందుకే రోజు కొన్ని తీయాలె, రెస్టు ఇయ్యాలె."

ఏ ఉత్తర్వులోనైనా నచ్చిన భాగాన్ని ముందు అమలు చేయడం సంప్రదాయం. భానుచందర్ తొమ్మిది రోజులు రెస్టు ఇచ్చాడు.

పదో రోజు గురువారం. రిజిస్టర్ ముగింపు కోసం టేబుల్ మీదికి వచ్చింది. చూస్తే, ఆయన పేరు ఎదుట రెండు వందల యాభై బస్కీలు పెండింగ్! ఇంకొకరైతే బెదిరిపోయేవారు. భానుచందర్ ఏడాది ఫైళ్లన్నిటినీ మార్చి ముప్పై ఒకటిన సాయంత్రంలోగా తేల్చే మనిషి. తలుపు దగ్గరకు వేసి మొదలుపెట్టాడు. చాయ్‌కి ముందు వంద, చాయ్ తర్వాత ఎనభై, భోజనం అరిగాక మిగతా డెబ్బై. ఇరవై అయిదు పూర్తయినప్పుడల్లా చెమట తుడుచుకుని ఒక పాత తేదీ కింద సంతకం. అయిదు గంటలకల్లా 'పెండింగ్: నిల్'. సెక్షన్ మొత్తం చప్పట్లు కొట్టింది.

ఉదయ్ మాత్రం రిజిస్టర్ చూసి తల గోక్కున్నాడు. "రేపు గాదు సార్, ఎల్లుండి తెలుస్తది," అన్నాడు. భానుచందర్ దాన్ని దీవెన అనుకున్నాడు.

శుక్రవారం తొడలు కొంచెం బిగుసుకున్నాయి. "కండ పడుతాంది," అని భార్య పద్మలతతో గర్వంగా చెప్పాడు. శనివారం పొద్దున జవాబు వచ్చింది. రెండు రోజుల్లో ఠంచనుగా జవాబిచ్చే విభాగమంటూ ఒకటి ఉందని, అది తన తొడల్లోనే ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది. మంచం మీంచి లేవడానికి పద్మలత ఒక చెయ్యి, కిటికీ ఊచ ఒక చెయ్యి పట్టాల్సి వచ్చింది. మెట్లు ముందుకు దిగబోతే ప్రాణం పోయినంత పనయింది. వెనక్కి తిరిగి, రెయిలింగ్ పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగాడు.

"ఏందీ, మెట్లు ఉల్టా దిగుతాండ్రు?" అంది పద్మలత. "ఎవలన్న చూస్తే ఇంట్ల కొట్లాటయిందనుకుంటరు."

మైదానంలో రాయమల్లు నీళ్ల క్యాన్ పక్కన నిలబడి ఉన్నాడు. భానుచందర్ తాడు నడుముకు చుట్టుకున్నాడు. రెఫరీ మోకాళ్లు వంచమన్నాడు, వంచాడు. ఆ తర్వాత తొడలు ఎవరి మాటా వినలేదు. సీనియర్ సూపరింటెండెంట్ గారు నెమ్మదిగా, ఎంతో హుందాగా, నేల మీద కూర్చున్నారు. (ఇదేదో కొత్త వ్యూహమని పరకాల వాళ్లు కాసేపు భయపడ్డారు.)

"ఇంకో మనిషి ఉన్నడా?" అన్నాడు రెఫరీ.

దగ్గర్లో ఉన్న మనిషి నీళ్లాయనే. రాయమల్లు గ్లాసు బోర్లించి, ప్యాంటు పైకి మడిచి, తాడు చుట్టుకున్నాడు. మడమలు మట్టిలో దిగగొట్టాడు. అరవలేదు, ఊగలేదు. మూడో అంతస్తుకు ఫైళ్ల కట్ట మోస్తున్నప్పటి ముఖమే. రెండు పట్లలో పరకాల జట్టు గీత దాటి వచ్చేసింది. ఆరేళ్ల తర్వాత గెలుపు! భానుచందర్ నేల మీదే కూర్చుని చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాడు. ఆ సంతోషంలో కల్తీ ఏమీ లేదు.

సర్టిఫికెట్లు మాత్రం ఆమోదిత జాబితా ప్రకారం బుధవారమే అచ్చయి ఉన్నాయి. మైకులో భానుచందర్ పేరు పిలిచారు. నడవలేడు కనుక సర్టిఫికెట్‌ను ఆయన దగ్గరికి తెచ్చి చేతిలో పెట్టింది రాయమల్లే. భానుచందర్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ," అన్నాడు రాయమల్లు, నీళ్ల గ్లాసు కూడా అందిస్తూ. "పేరు మార్పిస్తె అయిపాయె."

"నేనే మార్పిస్తనన్నా," అన్నాడు భానుచందర్. నిజంగానే అన్నాడు.

పేర్లు మార్చే సెక్షన్ మూడో అంతస్తులో ఉంటుంది. సోమవారం ఆయన ఆరో మెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. మంగళవారం నెలాఖరు. రాయమల్లుకు శాలువా కప్పి, దండ వేసి, ఆయన సేవలను ఆరుగురు కొనియాడారు. పోతూ పోతూ రాయమల్లు గుమ్మం దగ్గర ఆగాడు.

"సారూ, మొగిలమ్మ అడుగుతాంది. మొల ఉంచాల్నా, పీకాల్నా అని."

"ఉంచమనన్నా," అన్నాడు భానుచందర్.

బుధవారానికి కాళ్లు వాటంతటవే బాగయ్యాయి. ఏ దరఖాస్తూ పెట్టకుండానే కండలు అతుక్కున్నాయి. భానుచందర్ మూడో అంతస్తుకు ఎక్కాడు. సెక్షన్ చూసే విజయలక్ష్మి మర్యాదగానే మాట్లాడింది.

"చిన్న పనే సార్. ఆ రోజు మీరెందుకు లాగలేదో ఒక లైన్ రాసియ్యండి, పేరు మార్చేస్త. రిజిస్టర్‌ల పది రోజులు మీ సంతకాలున్నయ్ గదా, అది గూడ జత చేద్దాం."

భానుచందర్ కిందికి వచ్చి తెల్ల కాగితం తీసుకున్నాడు. పైన తేదీ వేశాడు. (అసలు తేదీయే.) 'నేను' అని రాశాడు. తొమ్మిది పాత తేదీల కింద తన సంతకాలున్న రిజిస్టర్ వైపు చూశాడు. పెన్నుకు మూత పెట్టాడు. ఒక్క రోజులో రెండు వందల యాభై బస్కీలు తీసిన మనిషికి ఆ ఒక్క లైన్ లేవలేదు. తనకు తాను ఇంత చులకనైన రోజు ఆయన సర్వీసులో మరొకటి లేదు.

ఆ కాగితం ఇప్పటికీ ఆయన టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద విశ్రాంతి తీసుకుంటోంది. మరిపెడ దగ్గరి ఊళ్లో ఒక గోడకు మొల మాత్రం, సీనియర్ సూపరింటెండెంట్ గారి మౌఖిక ఆదేశాల ప్రకారం, అలాగే ఉంది.