బీరువా పలికిన శుక్రవారం

పదింటికల్లా తీగ కొనాలి, పన్నెండుకల్లా బిగించాలి, జుమ్మా నమాజుకి వెళ్లొచ్చి వాయించాలి. మార్కాపురంలో హార్మోనియంలు బాగుచేసే అల్తాఫ్ ఆ రోజుకు వేసుకున్న పథకం అంతే. కొంప మునుగుతుందని అతనికేం తెలుసు!

ఫోనులో చూసిన హార్ప్సికార్డ్ మీద మనసుపడి నాలుగు నెలలుగా ఒకటి తయారుచేస్తున్నాడు. హార్మోనియంలాగే మెట్లుంటాయి, మెట్టు నొక్కితే లోపల చిన్న ముల్లు లేచి తీగను మీటుతుంది. పెట్టెకు వాడిన టేకు మాత్రం భార్య గుల్నాజ్ పుట్టింటి నుంచి తెచ్చుకున్న బీరువాది. ఆమె ఊరెళ్లినప్పుడు కోసేశాడు.

"శుక్రవారం పొద్దుగూకేలోపు ఇది పలకాల. పలక్కపోతే మా అమ్మ బీరువా నాకు బీరువాగానే కావాల," అని ఆమె తేల్చి చెప్పింది.

మోటారు రాగి తీగ బిగిస్తుండగానే తెగింది. సైకిలు బ్రేకు తీగ ముల్లుకు లొంగలేదు. ఇక ఉక్కు తీగే గతి.

"కోటయ్యన్నా, సన్నటి ఉక్కు తీగ కావాల. ఎంత లాగినా తెగగూడదు," అన్నాడు ఇనుప సామాన్ల దుకాణంలో. ఒక్కో తీగకు తూకం రాయి వేలాడదీసి, గోటితో మీటి, చెవి పెట్టి వింటున్నాడు. అడవంచు ఊళ్లవాళ్లు అలాంటి తీగ ఎందుకు కొంటారో కోటయ్యకు తెలుసు. పక్కనే పైపులు బేరమాడుతున్న పుల్లలచెరువు రైతు రంగయ్యకూ తెలుసు: అడవిపందుల ఉచ్చులకు.

"అల్తాఫ్ భాయ్, మా కంది చేనంతా పందులు నాశనం చేసినాయి. మాగ్గూడా నాలుగు కట్టిపో."

"అయ్యో మామా, ఇది పాటకి!"

"పాటకే, పాటకే. నేనెవరికి చెప్తా?" రంగయ్య కన్నుకొట్టాడు.

చెప్పనన్న పెద్దమనిషి బజారంతా చెప్పాడు. అల్తాఫ్ అయిదు తీగలు బిగించేసరికి గుమ్మంలో ఫారెస్టు ఉద్యోగి నాగేంద్ర నిలబడి ఉన్నాడు. వెనక రంగయ్య, సగం వీధి.

"ఉచ్చులేవి?"

"ఉచ్చులు కాదు సార్, సంగీతం."

నాగేంద్ర పెట్టెలోకి వంగి చూశాడు. "ఇది నొక్కితే ఏమైతాది?"

"ముల్లు లేస్తాది సార్."

"విన్నారా, ఈయనే ఒప్పుకుంటాండు!" అన్నాడు వీధివైపు తిరిగి.

అల్తాఫ్ మెట్టు మీద వేలు పెట్టాడు. "వాయిస్తా సార్, వినండి!"

"వాయించొద్దు, గట్టిగా బిగించు. పంది గుంజినా ఆగే తీగైతే కేసు. తెగితే వదిలేస్తా."

"తెగితే నా బీరువా నాకు," అంది గుల్నాజ్ వంటింట్లోంచి.

తెగకపోతే జైలు, తెగితే నాలుగు నెలల కష్టం మట్టిపాలు. తీగను ఏమని వేడుకోవాలో తెలియక, అది చుట్టిన మేకును తిప్పుతూ గోటితో మీటాడు. తిప్పేకొద్దీ శ్రుతి పెరిగింది. అబ్బ, ఎంత బాగా పలుకుతోంది! ఒక్క క్షణం జైలైనా ఫరవాలేదనిపించింది. అంతలో టప్పున తెగింది. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది.

"దీనికి కుందేలు గూడా పడదు," నాగేంద్ర టోపీ సర్దుకున్నాడు. "ఇట్లాంటి తీగ కొన్నోడు వేటగాడు కాదులే. వదిలేస్తున్నా."

"నేను వదల్లేదు," అంది గుల్నాజ్.

అందరూ వెళ్లాక ఆమె పెట్టెను నిలువుగా నిలబెట్టింది. మూతే తలుపైంది. లోపల చీరలు సర్దింది. అల్తాఫ్ తల పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. కాసేపటికి ఆమె ఒక చీర బయటికి లాగింది. తెగకుండా మిగిలిన అయిదో తీగ చీర అంచు తగిలి టింగుమంది. ఆమె ఆగి, చీరను లోపల పెట్టి, మళ్లీ లాగింది. మళ్లీ టింగుమంది.

"ఏందండీ, ఇది పలుకుతాంది!"

అల్తాఫ్ దిగ్గున లేచాడు. "పొద్దింకా గూకలేదు, చూసుకో!"

గుల్నాజ్‌కు ఉన్నవి పదకొండు చీరలే. ఆ తలుపు మాత్రం అప్పటి నుంచి రోజుకు ఇరవైసార్లు తెరుచుకుంటోంది.