ఏ భాషలో గీద్దాం జంపక్క చేను?

ఏ నిర్ణయమూ తీసుకోకపోవడాన్ని మించిన ఆఫీసు పని లేదని బల్లగుద్ది చెప్పగలను! నవ్వుతున్నారా? నవ్వండి. పటాలు గీసే ప్రోగ్రాం ఏ కంప్యూటర్ భాషలో రాయాలా అని ఏడు నెలలు ఆలోచించిన ఆఫీసుకు నేను టెక్నికల్ ఇన్‌చార్జిని. అనుభవంతో చెబుతున్నాను.

ఇది రెండువేల ఎనిమిది నాటి సంగతి. అడవిలో పోడు చేసుకునేవాళ్ళకు పట్టాలిస్తామన్నారు. ఎవరి చేను ఎక్కడుందో పటం గీసి దరఖాస్తుకు జతచేయాలి. ములకలపల్లి వైపు ఊళ్ళకు ఆ పటాలు గీసే పని భద్రాచలంలోని మా చిన్న ఆఫీసుకు వచ్చింది. నలుగురు మనుషులం, మూడు కంప్యూటర్లు, ఒక జీపీఎస్ డబ్బా. ఆ డబ్బా పట్టుకుని చేను చుట్టూ నడిస్తే హద్దులు అందులోకి ఎక్కుతాయి. తర్వాత వాటిని కంప్యూటర్‌లో పటంగా మార్చాలి.

కొనే సాఫ్ట్‌వేర్ మాకు అందుబాటులో లేదు. కాబట్టి ఓపెన్ సోర్స్! అంటే ఉచితం. ఉచితంగా వచ్చేదాన్ని ఒక్కదానితో సరిపెట్టుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా? మేం పదకొండు రకాలు దించుకున్నాం. ఒక్కొక్కటి దిగడానికి మూడు రోజులు పట్టేది. మూడో రోజు కరెంటు పోయేది. ఓర్పు అనే సుగుణం మాకు అలాగే అబ్బింది.

ఇక భాష. సతీష్ జావా అన్నాడు. శారద పైథాన్ అంది. సి ప్లస్ ప్లస్ తప్ప మిగతావన్నీ పిల్లలాటలని సంతోష్ తేల్చేశాడు. నేను పెర్ల్ అన్నాను. నాకది రాదు. కానీ ఇన్‌చార్జి అన్నాక ఒక అభిప్రాయం ఉండొద్దూ?

దీనివల్ల ఎంత మేలు జరిగిందో చూడండి! అంతకుముందు సతీష్, శారద ఎదురుపడినా పలకరించుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా పోట్లాడుకునేవాళ్ళు. ఇంతటి అన్యోన్యత ఏ ఆఫీసులో ఉంది? ఎదురుగా ఉన్న టీకొట్టు రూప్‌సింగ్ కూడా పైథాన్ పక్షం చేరి, జావా వాళ్ళకు టీలో చక్కెర తగ్గించాడు.

ప్రజలకు ఏం మేలంటారా? వస్తున్నాను. సతీష్ ఎక్కించిన హద్దుల్ని శారద తన ప్రోగ్రాంలో తెరిస్తే జంపక్క అనే పోడు రైతు చేను గోదావరి నడిమధ్యలో తేలింది! సంతోష్ సరిచేశాడు. చేను నదిలోంచి బయటికొచ్చి దమ్మపేట బజార్లో కూర్చుంది. తప్పెక్కడుందో వెతకడం కంటే చేను చుట్టూ మళ్ళీ నడిపించడం తేలిక కదా. నడిపించాం.

జంపక్కది ములకలపల్లి అవతల అడవి అంచు గూడెం. ఏళ్ళ తరబడి జొన్న, కంది వేస్తున్న రెండెకరాలు. అదొక్కటే ఆధారం. మూడోసారి డబ్బా చేతికిస్తే నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏంది సారూ, నెల కింద నడిస్తిని, మొన్న నడిస్తిని. నా చేను ఎటన్న పోయిందా?"

"చేను కాదక్కా, ఫైలు."

"అవ్, పొయ్యేటియన్ని మీ డబ్బాలనే పోతయి. చేనైతే గట్లనే ఉన్నది" అంటూ నడిచింది. నడక ఆరోగ్యానికి మంచిదని ఊరికే అన్నారా? మా భాషా వివాదం లేకపోతే ఆమెకు ఇంత వ్యాయామం ఎక్కడిది!

నాలుగోసారి నడవాలని కబురు పంపితే ఆమే బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం బల్ల మీద పెట్టింది. కోడలు దుర్గ పెన్సిల్‌తో గీసింది. ఉత్తరాన వాగు, మూలన ఇప్పచెట్టు, పక్క చేల వాళ్ళ పేర్లు, ఏ గట్టు ఎన్ని అడుగులో అన్నీ ఉన్నాయి.

"గిది నడువదా సారూ?"

"కంప్యూటర్ యుగంలో పెన్సిలా? నవ్విపోతారు. నీకు కలర్ ప్రింటిస్తాం" అన్నాను. కాగితం నా దగ్గరే ఉంచుకున్నాను.

దరఖాస్తులకు ఆఖరి రోజు మంగళవారం. మా భాష ఆ తర్వాతి శుక్రవారం తేలింది! సెమీఫైనల్లో పెర్ల్, సి ప్లస్ ప్లస్ ఓడిపోయాయి. ఫైనల్లో రెండేసి ఓట్లతో సమానమైతే చీటీ తీశాం. పైథాన్ గెలిచింది. రూప్‌సింగ్ అందరికీ సమానంగా చక్కెర వేశాడు. కొత్త ప్రోగ్రాంలో మొదటి పటం జంపక్కదే. ఎంత బాగా వచ్చిందో! వాగు నీలం, చేను పచ్చ, గట్లు ఎరుపు.

ఆ కలర్ ప్రింటు పట్టుకుని వెళితే గడువు దాటిందని జంపక్కను వెనక్కి పంపారు. పక్క గూడెం గోపాలు దరఖాస్తు మాత్రం మంగళవారమే తీసుకున్నారట. అతను పటాన్ని బొగ్గుతో గీసి తెచ్చాడు. హద్దులు తెలిస్తే చాలు, చేత్తో గీసినా ఫర్వాలేదని మాకిచ్చిన కాగితాల్లో నాలుగో పేజీలోనే ఉంది. మేం మొదటి పేజీ దగ్గరే ఏ భాషా అని ఆగిపోయాం.

జంపక్క మళ్ళీ వచ్చింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మా దుర్గ గీసిన కాగితమన్న ఇయ్యి సారూ. మల్లెప్పుడన్న పిలిస్తే గదే పట్టుకపోత."

సొరుగులోంచి తీసిచ్చాను. ఆమె దాన్ని తిప్పి చూసింది. వెనకవైపు నా చేతిరాతతో నిలువు గీతలున్నాయి. ఫైనల్ రోజు చేతికందిన కాగితం అదే.

"గీ గీతలేంది సారూ? నా చేన్ల గిసుంటియి లెవ్వు."

"ఓట్లక్కా. ఏ భాషలో గీయాలో తేలక ఓట్లు వేసుకున్నాం" అన్నాను.

జంపక్క ఆ గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"నా చేనుకెన్ని పడ్డయి సారూ?"