ముందు చక్రం మీద బాణం

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ తలుపు కూడా కాస్త దగ్గరికి వేసి రండి, జాగ్రత్తయ్య వింటే నొచ్చుకుంటాడు. బండి టైరు మీద వేలెడంత బాణం ఒక సంసారాన్ని రెండు రోజులపాటు ఎలా తిప్పిందో చెబుతాను.

జాగ్రత్తయ్య అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఆయన బీమా ఆఫీసులో టైపిస్టు. ఊళ్ళో జరిగిన ప్రమాదాల కాగితాలన్నీ ఆయన చేతి మీదుగానే పోతాయి. "జారిపడెను", "గుద్దుకొనెను", "కాలువలో తేలెను" అని పద్దెనిమిదేళ్ళు టైపు కొట్టిన మనిషికి వాకిట్లో తడి కనబడినా గుండె దడదడలాడుతుంది. ఆయన మోటారుసైకిలుకీ ఇంచుమించు అంత సర్వీసే ఉంది.

భార్య ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. పై ఉద్యోగం రావాలంటే డిపార్టుమెంటు పరీక్ష ఒకటి రాయాలి. దానికి మూడే అవకాశాలు. మొదటిసారి వానలో వెనక టైరు జారి, ఇద్దరూ బురద కడుక్కుని చేరేసరికి గేటు మూసేశారు. రెండోసారి బ్రేకు పట్టక గేటు దాటిపోయి, పక్కనున్న ఫర్నిచరు దుకాణంలోకి వెళ్ళి ఆగారు. ఆ రోజు ఆవిడ కుర్చీలో కూర్చున్న మాట నిజమే గాని అది పరీక్ష కుర్చీ కాదు. ఇక మిగిలింది మూడోది, ఆఖరిది. అది రేపు పొద్దున పదింటికి.

అందుకని జాగ్రత్తయ్య సెలవు పెట్టి, పొద్దున్నే బండిని మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళాడు. టైర్లు మార్చడం, బ్రేకులు బాగుచేయించడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకోవడం. అంతే ఆయన వేసుకున్న పథకం.

"లావు టైర్లు వేస్తే పట్టు ఎక్కువుంటుందా?" అని అడిగాడు.

"ఉంటుంది సార్. కానీ ఈ బండి ఫోర్కులో దూరదు," అన్నాడు మెకానిక్కు.

"పోనీ డిస్కు బ్రేకు పెట్టేస్తే?"

"దానికి ఫోర్కు మార్చాలి, చక్రం మార్చాలి. ఆఖరికి మీ బండిలో మీ హారనొక్కటే మిగులుతుంది. నా మాట వినండి. ఉన్న డ్రమ్ము బ్రేకుకే కొత్త షూలు, కొత్త కేబులు, కొంచెం పొడుగు చేతి లివరు వేస్తాను. అది చాలు."

"చాలకపోతే?"

"చాలకపోవడం కాదు, ఎక్కువవుతుంది. మొదట్లో మెల్లగా నొక్కండి."

గంటన్నర బేరీజు వేసి, మామూలు కొలత టైర్లే ఎంచుకున్నారు. బిగించేటప్పుడు మెకానిక్కు ఊరుకోక ఒక్కమాట ఎక్కువ చెప్పాడు. "రబ్బరులో ఈ గాళ్ళున్నాయి చూశారూ, ఇవి వాన నీళ్ళని పక్కకి తోసేస్తాయి. అందుకే టైరు మీద బాణం గుర్తుంటుంది. చక్రం అటే తిరగాలి. తిరగేసి వేస్తే వానలో పట్టు తప్పుతుంది."

తెలియని మనిషికి తెలివి చెప్పవచ్చు గాని, భయపడే మనిషికి మాత్రం చెప్పకూడదు.

జాగ్రత్తయ్య ఇంటికొచ్చి వరండాలో బండి నిలబెట్టి, వంగి ముందు చక్రం చూశాడు. బాణం నేలకి దగ్గరగా, కింద ఉంది. మొన వెనక్కి చూస్తోంది.

వెంటనే బండి తిప్పుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ దిగి చూస్తే బాణం పైన, మడ్గార్డు పక్కన ఉంది. మొన ముందుకే చూస్తోంది.

"సరిగ్గానే ఉంది కద సార్," అన్నాడు మెకానిక్కు.

"ఉంది," అన్నాడు జాగ్రత్తయ్య సిగ్గుపడి. ఇంటికొచ్చాడు. వంగి చూశాడు. వెనక్కి.

ఇక ఆయనకి అన్నం సయించలేదు. పక్కింటి డ్రాయింగు మాస్టారిని పిలిచాడు. మాస్టారు ముప్పైయేళ్ళు పిల్లలచేత సరళరేఖలు గీయించి రిటైరైన మనిషి. కళ్ళజోడు తుడుచుకుని, గొంతుక్కూర్చుని, చాలాసేపు చూశారు.

"సందేహం లేదు. బాణం వెనక్కే చూస్తోంది. వాడు నిన్ను మోసం చేశాడు."

"మరి అక్కడ ముందుకి చూసింది కద మాస్టారూ?"

"అక్కడ వాడి దుకాణం కదా. వాడికి కావలసినట్టే కనబడుతుంది."

లోపల అత్తగారు కుట్టుమిషను తొక్కుతూ ఇదంతా విన్నది. ఆవిడ ఆ వీధికంతటికీ జాకెట్లు కుట్టే మనిషి. "ఓసారి నన్ను చూడమంటారా బాబూ?" అంది.

"మీకెందుకండీ ఈ యంత్రాల గొడవ," అన్నాడు అల్లుడు. ఆవిడ పళ్ళతో దారం తెంపి, మళ్ళీ మిషను తొక్కుకుంది.

సాయంత్రం మాస్టారిని వెనక ఎక్కించుకుని సాక్షిగా తీసుకెళ్ళాడు. టైరు సరిగ్గానే ఉందని మెకానిక్కు చెప్పి చూశాడు. మాస్టారు నేలమీద సుద్దతో బాణం గీసి మరీ వాదించారు. ఇద్దరు చదువుకున్నవాళ్ళు ఒకే తప్పుని రెండు గొంతులతో చెబుతుంటే నూనె చేతులవాడు ఎంతసేపు నిలబడతాడు.

"మీ బండి, మీ టైరు. ఎలా వెయ్యమంటే అలా వేస్తాను," అని టైరు ఊడదీసి, తిరగేసి బిగించాడు. సరిగ్గా ఉన్నది అప్పుడు తప్పయింది. ఇంటికొచ్చి చూస్తే బాణం మళ్ళీ కిందే ఉంది. మొన ముందుకి చూస్తోంది. జాగ్రత్తయ్య ఆ పూట రెండు పూటల అన్నం తిన్నాడు.

తెల్లవారింది. సన్నగా వాన మొదలైంది. హాలుటిక్కెట్టు తడుస్తుందని జాగ్రత్తయ్యే దాన్ని మూడు కవర్లలో చుట్టి, బండి పక్కనుండే డబ్బాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు.

"నా సంచిలో ఉంచుకుంటానండీ," అంది భార్య.

"సంచి జారితే?"

ఆవిడ హెల్మెట్టు పెట్టుకుని ఎక్కింది. ఎనిమిదిన్నరకే బయలుదేరారు. దారి అరగంటే.

వీధి చివర స్పీడుబ్రేకరు దగ్గర ఆగినప్పుడు జాగ్రత్తయ్య ఎందుకో తల వంచి చూశాడు. బాణం పైకొచ్చింది. మొన వెనక్కి.

"రాత్రి ఎవరో తిప్పేశారే," అన్నాడు.

"ఎవరు తిప్పుతారండీ? పోనివ్వండి."

పోనిచ్చాడు. పది గజాలు పోయి బ్రేకు వేసి చూశాడు. ముందుకి. మరో పది గజాలు పోయి చూశాడు. వెనక్కి. కొత్త బ్రేకు, పట్టిందంటే పట్టిందే. ఆయన ఆపినప్పుడల్లా ఆవిడ హెల్మెట్టు వెళ్ళి ఆయన హెల్మెట్టుకి టక్కుమని తగిలేది. అలా టక్కు, టక్కు అనుకుంటూ తొమ్మిదింపావుకి నాలుగో బస్టాపు దాకా వచ్చారు. వెనకాలే వస్తున్న బస్సు ప్రతి స్టాపులోనూ వాళ్ళని కలుసుకుంటోంది.

కండక్టరు మెట్టు మీద నిలబడి చూసి చూసి, "ఏమ్మా, మేం స్టాపుల్లోనే ఆపుతాం. మీరు అన్నిచోట్లా ఆపుతున్నారు. ఇటొచ్చెయ్యరాదూ?" అన్నాడు.

"కోప్పడకు, ఒక్కసారి చూస్తాను," అన్నాడు జాగ్రత్తయ్య భార్యతో, చక్రం దగ్గర కూర్చుని.

"మీరు చూస్తూ ఉండండి," అని ఆవిడ హెల్మెట్టు ఆయన చేతిలో పెట్టి బస్సెక్కేసింది.

బస్సు మలుపు తిరిగిపోయింది. ఆయన లేచి నిలబడి, హెల్మెట్టు తగిలించడానికి పక్క డబ్బా వైపు చూశాడు. అప్పుడు జేబులో తాళంచెవి గుచ్చుకుంది.

ఆ క్షణాన జాగ్రత్తయ్య మొహం ఎలా ఉందో చెప్పడానికి నాకు చేతకాదు. మూడు అవకాశాల్లో రెండు ఈ బండే తినేసింది. మూడోది ఈ డబ్బాలో ఉంది. పై ఉద్యోగం కోసం ఆవిడ రెండేళ్ళుగా తెల్లవారుజామున లేచి, వంటింటి గట్టు మీద పుస్తకం పెట్టుకుని చదివింది. ఆ గట్టు మీద మోచెయ్యి ఆనిన చోట రంగు పోయింది. ఆయన కళ్ళకి అదే కనబడింది.

బండి తీశాడు. ఇంజను ముందు దగ్గింది, తరవాత అరిచింది. బస్సు అప్పటికే పెద్దరోడ్డెక్కింది. రైలు గేటు పడి ఇరవై నిమిషాలు నిలబెట్టేసింది. గేటు లేచాక వాన జోరందుకుంది. తిరగేసి వేసిన టైరు, పొంగుతున్న రోడ్డు, ఎదురుగా లారీలు. ఆ దారి పొడుగునా ఆయన ఒక్కసారి కూడా తల వంచలేదు. "జారిపడెను" అన్న మాట బుర్రలో టైపవుతూనే ఉంది. అయినా ఆగలేదు.

పదికి నాలుగు నిమిషాలుండగా గేటు కనబడింది. ఒక తలుపు మూసేశారు. రెండో తలుపు పట్టుకుని ఆవిడ, అవతలి నుంచి తోస్తూ వాచ్‌మన్.

"టిక్కెట్టు లేకపోతే లోపలికి పంపనమ్మా."

"వస్తోందయ్యా. మా ఆయన తెస్తాడు."

"ఎప్పుడు తెస్తాడు?"

"ఆగకపోతే ఇప్పుడే తెస్తాడు."

జాగ్రత్తయ్య మెల్లగా, మెకానిక్కు చెప్పినట్టే మెల్లగా బ్రేకు నొక్కాడు. బండి గేటుకి బెత్తెడు దూరంలో ఆగింది. ఫర్నిచరు దుకాణంవాడు భయంతో అప్పటికే రెండు కుర్చీలు లోపలికి లాక్కున్నాడు. తాళం తీసి, మూడు కవర్లు విప్పేసరికి వాచ్‌మన్‌కే చెమటలు పట్టాయి. ఆవిడ కాగితం అందుకుని, ఒక్క క్షణం ఆయన తడిసిన మొహం చూసి, లోపలికి పరిగెత్తింది.

సాయంత్రం ఇంట్లో ఈ సాహసమంతా అత్తగారికి వర్ణించాడు. "ఎంతయినా టైరు తిప్పించడం మంచిదయిందండీ. లేకపోతే ఆ వానలో ఏమయ్యేదో," అన్నాడు.

అత్తగారు మిషను ఆపింది. దాని పక్కనున్న చక్రం మీద సుద్దముక్కతో ఒక బాణం గీసింది. "ఇలా వచ్చి చూడండి బాబూ. పైనున్నప్పుడు ఇది ఎటు చూస్తోంది?"

"నా వైపు."

ఆవిడ చక్రం అదే దిక్కుగా సగం తిప్పింది. "ఇప్పుడు?"

బాణం కిందికి వెళ్ళి అవతలికి చూస్తోంది. జాగ్రత్తయ్య దగ్గరికొచ్చి వంగాడు. తనే చేత్తో ఇంకోసారి తిప్పాడు. మరోసారి తిప్పాడు.

"మరి నిన్ననే చెప్పలేదేం అత్తయ్యగారూ?"

"యంత్రాల గొడవ నాకెందుకన్నారుగా," అని ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారికి కనబడకుండా మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు. "ముందు టైరు మొదట వేసినట్టే వేసెయ్యి," అన్నాడు మెల్లగా.

"సాక్షి రాలేదా సార్?" అన్నాడు మెకానిక్కు, పానా వెతుక్కుంటూ.

ఆవిడ పరీక్ష నెగ్గింది. పై ఉద్యోగమూ వచ్చింది. ఇదీ జరిగిన సంగతి. గుర్తుంచుకుని మీ వాళ్ళకీ చెప్పండి. చెప్పేటప్పుడు చేతిలో ఒక పళ్ళెం పట్టుకుని, దాని మీద సుద్దతో బాణం గీసి, తిప్పి చూపిస్తూ చెప్పండి. ఉత్త మాటలతో చెబితే మాస్టారిలాంటివాళ్ళు నమ్మరు.

ఇప్పుడు ఆవిడ రోజూ ఆ కండక్టరు బస్సులోనే ఆసుపత్రికి వెళుతోంది. దాని టైర్ల మీద బాణాలు లేవట, జాగ్రత్తయ్య ఆరింటినీ చూసి వచ్చాడు.