ఆదిశేషు ఐదో చక్రం

శనివారం పొద్దున్నే మంచం దగ్గరికి కాఫీ నడిచి వచ్చిందంటే, మొగుడు ఏదో కొన్నాడని లీలకు అర్థం.

"ఏం కొన్నారు?" అంది కళ్లు తెరవకుండానే.

"ఛ ఛ! ఏమీ కొనలేదు. చల్లారిపోతుంది, తాగు."

"అయితే ఏం కొనబోతున్నారు?"

కప్పు చేతిలో ఉండగానే ఆదిశేషు మంచం చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. కిటికీ తెర లాగాడు. మళ్లీ మూశాడు. గోడ మీద వంకరగా లేని పటాన్ని సరిచేసి వంకర చేశాడు.

మిషిగన్ రాష్ట్రంలో, నోవై ఊళ్లో, కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఆయన ఇంజనీరు. సీట్ల కింద స్ప్రింగులు డిజైన్ చేస్తాడు. లోకంలో అందరినీ హాయిగా కూర్చోబెట్టడం ఆయన వృత్తి. తాను మాత్రం ఎక్కడా కూర్చోలేకపోవడం ప్రవృత్తి. పురాణాల్లో ఆదిశేషుడు కుదురుగా ఉన్నాడు గనక భూమి నిలిచింది. ఆ పని మన ఆదిశేషుకి అప్పగించి ఉంటే నెలకో ఖండం సముద్రంలో పడి ఉండేది. ఒక చలికాలం వడ్రంగం, ఇంకో చలికాలం హామ్ రేడియో, ఆ తర్వాత తేనెటీగలు. ఈయన హడావుడి భరించలేక ఆ తేనెటీగలు పక్కింటివాళ్ల చిమ్నీలోకి కాపురం మార్చేశాయి.

"మా ఆఫీసులో వాల్టర్ రిటైరై అరిజోనా వెళ్లిపోతున్నాడు. తన ట్రైలర్ మనకిస్తానన్నాడు" అన్నాడు చివరికి. "ముప్పై అడుగులు! వంటిల్లుంది, బాత్రూముంది, ఆరుగురు పడుకోవచ్చు. ఇల్లే అనుకో."

"మనకో ఇల్లుందిగా."

"అది కదలదు."

"కదలకపోవడమే కదండీ ఇంటి గొప్పతనం!"

"వేసవిలో యెల్లోస్టోన్ పార్కు దాకా పోదాం లీలా! ఇది మామూలు ట్రైలర్ కాదు, ఫిఫ్త్ వీల్."

"అంటే?"

"ఐదో చక్రం."

"మిగతా నాలుగూ?"

"ట్రక్కువి."

"ట్రక్కేదీ?"

ఆదిశేషు చేతిలోని కాఫీని, అది ఆమె కోసం తెచ్చిందన్న సంగతి మరిచిపోయి, గడగడా తానే తాగేశాడు.

చిక్కంతా అక్కడే ఉంది. మామూలు ట్రైలర్‌ని కారు తోకకి తగిలించుకుని పోవచ్చు. ఇది తోకకి ఒప్పుకోదు. పికప్ ట్రక్కు వీపు మీద, సరిగ్గా వెనక ఇరుసు మీద, బలమైన కొక్కెం బిగిస్తే దర్జాగా వచ్చి అక్కడ కూర్చుంటుంది. కొత్తల్లుడిలాంటిది. వస్తే పీట మీదే కూర్చోవాలి, ఆ పీట గట్టిగానూ ఉండాలి.

తుపానుకి సిద్ధపడి నిలబడ్డ ఆదిశేషుకి లీల నోట వచ్చిన మాట చిన్న చినుకైనా కాలేదు.

"సరే, ట్రక్కు చూద్దాం పదండి వచ్చే వారం" అంది. అని, గుడి కమిటీ మీటింగుందని తయారై వెళ్లిపోయింది. నలుగురు తెలుగువాళ్లూ నలుగురు తమిళులూ కలిసి ఊరి బయట గుడి కట్టే ప్రయత్నంలో ఉన్నారు. లీల ఆ కమిటీకి కార్యదర్శి. మీటింగంటే గంటలకొద్దీ కూర్చోవాలి గనక ఆదిశేషు ఆ ఛాయలకు పోయేవాడు కాదు.

అనుమానించవలసిన చోట ఆనందించడం ఆయన పాత బలహీనత. గంతులేసుకుంటూ జగన్మోహన్ ఇంటికి పోయాడు.

జగన్మోహన్‌ని ఊళ్లో అందరూ సలహాల మోహన్ అంటారు. ఆయన సలహా విని షేర్లు కొన్నవాళ్లున్నారు. ఆయనతో మాట్లాడటం మానేసినవాళ్లూ వాళ్లే.

"నీ మనసు ఏ ట్రక్కు మీదుంది గురూ?" అన్నాడు.

"ఎర్రటిది. లోపల వెల్వెట్ సీట్లు, క్యాసెట్ ప్లేయరు. చూస్తే నిద్ర పట్టదు."

"అయితే దాన్ని ముందు చూపించకు. ముందు ఏనుగుని చూపించు. హడలిపోతుంది. అప్పుడు గుర్రాన్ని చూపించు. 'అబ్బ, ఇదే నయం' అంటుంది. ఆడవాళ్ల సైకాలజీ!"

"మీ ఆవిడ దగ్గర పనిచేసిందా?"

"నేను చెప్పేవాణ్ణి, చేసేవాణ్ణి కాదు" అన్నాడు జగన్మోహన్.

ఆ పై శనివారం గ్రాండ్ రివర్ రోడ్డు మీద ట్రక్కుల షాపుకి వెళ్లారు. లీల, పద్నాలుగేళ్ల కూతురు రేణు, వెనక జగన్మోహన్. అది 1984 ఏప్రిల్. మంచు కరిగి నేలంతా చిత్తడిగా ఉంది. షాపులో గస్ అనే పెద్ద బొజ్జాయన షేక్‌హ్యాండిచ్చి లోపలికి పిలిచాడు.

ఏనుగు అక్కడే ఉంది. బురదరంగు, డీజిల్ ఇంజను, వెనక ఇరుసుకి అటు రెండు ఇటు రెండు చక్రాలు. గుర్రాల ట్రైలర్ లాగడానికి ఎవరో వాడి అమ్మేసిన సెకండ్‌హ్యాండ్ బండి. వీపు మీద కొక్కెం కూడా ఉంది. స్టార్ట్ చేస్తే ఊరంతటి రోళ్లూ ఒకేసారి రుబ్బుతున్న చప్పుడు.

"చూశావా, ఎంత భయంకరంగా ఉందో!" అన్నాడు ఆదిశేషు ఆశగా.

లీల దాని చుట్టూ తిరిగింది. చక్రాన్ని ఒక తన్ను తన్నింది. పెళ్లిచూపుల్లో మేనత్తలాగా ప్రశ్నలు మొదలుపెట్టింది.

"లోపల ఎంతమంది కూర్చోవచ్చు?"

"ఆరుగురు" అన్నాడు గస్.

"ఇటుకలు ఎన్ని పడతాయి?"

గస్ ఆదిశేషు వైపు చూశాడు. ఆదిశేషు జగన్మోహన్ వైపు చూశాడు. జగన్మోహన్ అప్పటికే ఎర్ర ట్రక్కులో కూర్చుని క్యాసెట్ వింటున్నాడు.

"మనకి ఇటుకలెందుకే?"

"ఊరికే, బరువు అంచనాకి. ఇదే బాగుందండీ."

"దీన్నా! గరాజ్‌లో పట్టదు!"

"బయట ఉంటుంది."

"అమ్మా, ఇట్స్ సో అగ్లీ" అంది రేణు. "నాన్నా, రెడ్‌ది కొను ప్లీజ్."

"విన్నావా? పసిదాని నోట దేవుడి మాట!"

"ఆ ఎర్రది అరటన్ను బరువు మోసే రకం సార్" అన్నాడు గస్. "మీరు చెప్పే ట్రైలర్ దాని వీపు మీద కూర్చుంటే లేవలేదు."

"నేను ఇంజనీర్ని" అన్నాడు ఆదిశేషు. "స్ప్రింగుల సంగతి నాకు చెప్పకు."

ఆ మాట నిరూపించకపోతే రాత్రి నిద్రపట్టేలా లేదు. జగన్మోహన్‌కి తెలిసిన రవికుమార్ దగ్గర అచ్చం అలాంటి ఎర్ర ట్రక్కే ఉంది, చిన్న ఫిఫ్త్ వీల్ లాగడానికి వీపు మీద కొక్కెం బిగించినది. మర్నాడు లీలకు చెప్పకుండా దాన్ని అడిగి తెచ్చుకుని, ఇద్దరూ వాల్టర్ ఇంటికి పోయారు.

వాల్టర్ వద్దన్నాడు. ఆదిశేషు వినలేదు. ట్రైలర్‌ని కిందికి దించి కొక్కెంలో పెట్టారు. ఎర్ర ట్రక్కు వెనక భాగం చతికిలబడింది. ముక్కు గాల్లోకి లేచింది. బిస్కట్ కోసం ముందుకాళ్లెత్తిన కుక్కపిల్లలా ఉంది.

"కొంచెం లేచింది" అన్నాడు జగన్మోహన్.

"విమానాలూ అలాగే లేస్తాయి. ఎక్కు!"

సందు చివర మలుపు దాకా బాగానే నడిచింది, నత్తకి పోటీగా. మలుపులో ఆదిశేషు స్టీరింగ్ కుడికి తిప్పాడు. ముందు చక్రాలు నేలని ఆనీ ఆనకుండా ఉన్నాయి గనక వాటికి ఆ కబురు అందలేదు. ట్రక్కు తిన్నగా పోయింది. ఎవరిదో పోస్టుడబ్బాని పడగొట్టింది. రోడ్డు పక్క మెత్తటి మట్టిలో దిగబడింది. వెనక్కి తీద్దామని స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురు పోయింది. తిప్పి తిప్పి ఆపేసరికి, ముప్పై అడుగుల ఇల్లు రోడ్డుకి అడ్డంగా గుమ్మం తెరుచుకుని నిలబడింది. కింద ఎక్కడో టప్పుమని చప్పుడైంది. స్ప్రింగుల ఇంజనీరు చేతుల్లోనే స్ప్రింగు విరిగింది.

అటు పది కార్లు, ఇటు పది కార్లు. హారన్లు. ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో పోలీసాయన.

"సార్, ఎక్కడికి బయల్దేరారు?"

"యెల్లోస్టోన్" అన్నాడు ఆదిశేషు.

పోలీసాయన వెనక్కి తిరిగి వాల్టర్ ఇల్లు చూశాడు. కూతవేటు దూరంలో ఉంది. "ఇంకా చాలా దూరం ఉంది సార్" అన్నాడు.

సలహాల మోహన్ ఫోను వెతుక్కుంటూ వాల్టర్ ఇంట్లోకి పరిగెత్తాడు. ఆదిశేషు ఇంటికి చేస్తే అటు రేణు ఎత్తింది.

"అమ్మ లేదు అంకుల్. అమ్మ ట్రక్ షాప్‌కి గాన్. గస్‌తో డ్రైవ్ చేస్తుంది."

జగన్మోహన్ ట్రక్కుల షాపుకి ఫోను చేసిన కాసేపటికి దూరంనించి రోళ్లు రుబ్బే చప్పుడు వినిపించింది. బురదరంగు ఏనుగు కార్ల వరుసని తప్పించుకుంటూ గడ్డి మీదుగా వస్తోంది. పక్కన గస్ దిండుని వాటేసుకున్నట్టు తన టోపీని గుండెకి అదుముకుని ఉన్నాడు. స్టీరింగ్ ముందు లీల, చీరకొంగు నడుముకి దోపుకుని.

ఆమె దిగి చూసింది. పోస్టుడబ్బాని చూసింది. ట్రైలర్‌ని చూసింది. మొగుణ్ణి చూడలేదు. ఆదిశేషుకి అదే ఎక్కువ భయమేసింది.

"గస్, మీరు సైగలు చెయ్యండి" అంది. ఎర్ర ట్రక్కుని విడదీశారు. బురదరంగుదాన్ని వెనక్కి పెట్టి ట్రైలర్‌ని తగిలించారు. ఈసారి ముక్కు లేవలేదు. గస్ చెయ్యి ఎటు ఊపితే అటు తిప్పుతూ లీల ఆ ఇంటిని రోడ్డుమీదకి తెచ్చింది. కార్లవాళ్లు చప్పట్లు కొట్టారు. పోలీసాయన కూడా కొట్టాడు.

ఆ సాయంత్రమే బురదరంగు ట్రక్కు వాళ్లదైంది. రవికుమార్ ట్రక్కు షెడ్డుకి పోయింది. ఏనుగు గుర్రం కథ మీద జగన్మోహన్ మళ్లీ నోరెత్తలేదు.

మే నెలంతా ట్రైలర్ ఇంటి ముందు నిలబడి ఉంది. ఆదిశేషు రోజూ ఆఫీసునించి వచ్చి దానిలోకి ఎక్కేవాడు, దిగేవాడు, మ్యాపులు పరిచేవాడు, మడిచేవాడు. ఎప్పుడు బయల్దేరదామంటే లీల "రేణు స్కూలు అవనివ్వండి" అనేది.

జూన్‌లో ఒక శనివారం తానే అంది. "మొదటి ప్రయాణం దగ్గర్లో పెట్టుకుందాం. చెయ్యి అలవాటవుతుంది. దారి నేను చెప్తాను."

ఆదిశేషు ఈల వేసుకుంటూ నడిపాడు. ఎడమకి అంది, తిప్పాడు. కుడికి అంది, తిప్పాడు. తారురోడ్డు పోయి మట్టిరోడ్డొచ్చింది. మట్టిరోడ్డు చివర పెద్ద మైదానం, షామియానా, కార్లు, పట్టుచీరలు. కమిటీ అధ్యక్షుడు రామమోహన్ బంతిపూల దండతో ఎదురొచ్చాడు. ఆదిశేషు మెడ వంచాడు. దండ ట్రక్కు అద్దానికి పడింది.

షామియానా కింద ఆరుగురు మనుషులు నిలబడి ఉన్నారు. జూన్ ఎండలో స్వెట్టర్లు, మంకీ క్యాపులు. గుడి గోపురం చెక్కడానికి మన దేశంనించి ముందురోజే దిగిన శిల్పులు. వాళ్ల పెద్ద నరసింహ ఆచారి ట్రైలర్‌ని ఆ చివరినించి ఈ చివరికి తేరిపార చూసి, "చల్లని తల్లి! మాకు వసతి ఏర్పాటు చేశామంటే ఏమో అనుకున్నాం" అని లీలకు దణ్ణం పెట్టాడు.

ఆదిశేషు భార్యని ట్రక్కు చాటుకి తీసుకుపోయాడు.

"వసతా! మన యెల్లోస్టోనో?"

"పసుపు రాయేగా? అదిగో చూడండి." శంకుస్థాపన రాళ్లకు అప్పుడే ఎవరో పసుపు రాసి కుంకుమ పెడుతున్నారు.

"లీలా, నేను సీరియస్‌గా అడుగుతున్నాను."

"నేనూ సీరియస్‌గానే చెప్తున్నానండీ. పాపం, ఆరుగురు అంత దూరంనించి వచ్చారు. మోటెల్లో వంట చేసుకోనివ్వరు. వాళ్లు బయటి తిండి తినరు. కౌంటీ ఆఫీసువాళ్లు గుడి స్థలంలో ట్రైలర్ పెట్టుకోవచ్చన్నారు. ట్రైలర్ ఎక్కణ్ణించి తేను? ఇంతలో వాల్టర్ వాళ్లావిడ డోరతీ తమది అమ్ముతామంది. నేను పనిచేసే హాస్పిటల్ ల్యాబ్‌కి రక్తపరీక్షకి వస్తుందిగా."

"అంటే... వాల్టర్ నాకు చెప్పకముందే?"

"వాల్టర్‌ని మీకు చెప్పమని చెప్పిందే నేను."

ఆదిశేషు ట్రక్కు అద్దానికున్న దండని సరిచేసి వంకర చేశాడు.

"నేరుగా అడిగితే ఏమనేవారు? 'కమిటీ గొడవలు నాకెందుకు' అనేవారు. అదే మీకు మీరే కనిపెట్టానని అనుకుంటే, పోలీసు ఆపినా ఆగరు."

"మరి ట్రక్కు?"

"ఇటుకలు ఎవరు తెస్తారండీ?"

ఆ వేసవంతా ఆదిశేషు ఇటుకలు తెచ్చాడు. ఇసక తెచ్చాడు. సిమెంటు, పలకలు, గోంగూర, శిల్పుల కోసం న్యూజెర్సీలో పార్సిప్పనీనించి ఎవరో పంపిన ఆవకాయ జాడీలు తెచ్చాడు. ఇల్లు, గుడి, ఇటుకల బట్టీ. మళ్లీ గుడి, మళ్లీ ఇల్లు. ఊళ్లో ఎవరు ఇల్లు మారినా సోఫాలు కూడా ఆయన ట్రక్కు వీపు మీదకే వచ్చాయి. విసుక్కున్నాడు, తిట్టుకున్నాడు. కానీ సాయంత్రం పూట ఆచారి పక్కన నిలబడి, రాతిలోనించి ఒక ఏనుగు తొండం బయటికి రావడం చూసినప్పుడు మాత్రం కాలు కదపకుండా ఉండిపోయేవాడు.

అక్టోబరులో మంచు పడేలోపు శిల్పులు వెనక్కి పోతున్నారన్నారు. మళ్లీ వసంతానికి వస్తారట. ఈ సందులో కనీసం కెంటకీ దాకానైనా పోయి రావచ్చని వాళ్లు బయల్దేరే రోజు ఆదిశేషు తెల్లారకముందే ట్రక్కు తీశాడు.

మైదానంలో దిగి ట్రైలర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రాలు కనపడలేదు.

ఆయన అటు రాని వారంలో మిగిలిపోయిన ఇటుకలతో శిల్పులు ట్రైలర్ చుట్టూరా చక్కని అరుగు కట్టేశారు. మూలల్లో పద్మాలు. గుమ్మం ముందు మూడు మెట్లు, అటూ ఇటూ చిన్న చిన్న ఏనుగులు. చక్రాలు ఎక్కడో లోపల సిమెంటులో నిద్రపోతున్నాయి.

"బాగుందా బాబూ?" అన్నాడు ఆచారి వెనకనించి. "కాళ్లకింద నేల లేని ఇల్లు మంచిది కాదు. మీరు మాకు ఇంత చేశారు, మేం మీకు ఈ మాత్రం చెయ్యొద్దా? వాస్తు కూడా చూసే కట్టాం. నూరేళ్లు కదలదు."

కళ్లలో నీళ్లు పెట్టుకుని చెబుతున్న మనిషితో ఏమంటాడు? "చాలా బాగుంది" అన్నాడు ఆదిశేషు. అన్నాక తనకీ కళ్లు తడి అయ్యాయి. అది ఆనందమో కెంటకీయో తేల్చుకోలేకపోయాడు.

పదిగంటలకల్లా లీల, రేణు, కమిటీ అంతా వచ్చేశారు. అరుగున్న ఇంటికి గృహప్రవేశం చెయ్యాల్సిందే అన్నారు. పాలగిన్నె స్టవ్ మీద పెట్టి లీల మీట తిప్పింది. వెలగలేదు.

"ఏమండీ, గ్యాస్ సిలిండర్ అయిపోయింది. ట్రక్కులో వెళ్లి గబుక్కున తెచ్చెయ్యండి. మలుపులోనే షాపుంది. పాలు పొంగించే వేళ దాటిపోకూడదు."

"ఇప్పుడే తెస్తా" అన్నాడు ఆదిశేషు.

ఆరుగురు పట్టే ట్రక్కులో ఒక్కడే ఎక్కాడు. మలుపు దగ్గర గ్యాస్ షాపు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. దాన్ని చూశాడు. ఎదురుగా హైవే చూశాడు. అద్దం దించి, కెంటకీ దారిలో, ఒహాయో సరిహద్దు దగ్గర కూడా ఒక గ్యాస్ షాపు ఉండాలే అనుకుంటూ అటు తిప్పాడు.