పెరుగుమూత విజయము

దుందుభి నామ సంవత్సర పుష్యమాసమున, ఆదోని జిన్నింగు మిల్లుల దూది గగనవీధిని మేఘసహోదరియై విహరించుచుండగా, ఎమ్మిగనూరు మగ్గముల టకటకారావము దిక్కుల చెవులకు చిల్లులు పొడుచుచుండగా, చరిత్రోపన్యాసక శిఖామణియు, ధూళిమర్దనుడును, చెదపురుగుల పాలిటి కాలయముడును అగు భీమసేనరావు, ఎమ్మిగనూరున మేనత్త కృష్ణాబాయి వంటింటి గడప ముందు నిలిచెను.

ఆదోనిలో ఆతడు పాఠములు చెప్పు కళాశాల యందు మరునాడే చరిత్రమందిర ప్రారంభోత్సవము. ఏడాది పొడుగునా ఇల్లిల్లు తిరిగి పాత కరపత్రములు, పత్రికలు, నాటకపోటీ కప్పులు పోగుచేసిన ఆ మహానుభావునకు కళాశాల తొలియేటి అధ్యాపకబృంద ఛాయాచిత్ర మొక్కటే చిక్కలేదు. భూమండలమున మిగిలిన ఏకైక ప్రతి, అద్దముతో చట్రముతో సహా, ఈ అత్తగారి పెరుగుగిన్నెపై మూతయై విరాజిల్లుచుండెను. అది లేనిచో గోడ బోసిపోవును, ఆతడు నగుబాటగును.

"అత్తా! విద్యార్థిలోకము వేయికన్నులతో ఎదురుచూచుచున్న ఆ చిత్రరాజమును పెరుగుచెర నుండి విడిపింపుము" అని గర్జించెను.

"మాటలు బాగుండాయిలేప్పా. బస్సు దిగొచ్చిన గుడ్డలతో గడప తొక్కబాక. మడి కట్టుకోని రా."

అంతట ఆ వీరుడు బావికడ కేగి, పండ్లు రణభేరి మ్రోగింప, కడివెడు శీతలోదకమును శిరమున కుమ్మరించుకొని, తడిపంచె కాళ్లకు చుట్టుకొనుచుండ, వణకు మోకాళ్లతో శత్రుదుర్గము ప్రవేశించి మూతపై చేయి వేసెను.

అత్త ఆ చేతిపై చేయి వేసెను.

"రెండో వరస కొసన ఉండేది మీ మామ. పెరుగు తీసేటప్పుడంతా ఆ మొగమే చూస్తాండాను. నువ్వు ఎత్తుకోని పోతే ఇంగ నేనెవర్ని చూడాల?"

ఆ కళాశాల తొలి లెక్కల మాస్టరు, గతించిన మామ, అద్దము క్రింద నవ్వుచుండెను. భీమసేనుని వాగ్ధాటి నీరుగారెను. చిన్ననాడు ఆయన వ్రేలు పట్టుకొని బడికేగినవాడు గావున నిజముగనే ఏడ్పు వచ్చెను. అయినను వీరుడు వెనుదిరుగునా? నడవలోని కురికి, అత్త మురిపెముగా గోడకు తగిలించుకొన్న తన పట్టభద్ర చిత్రమును, నల్లగౌనుతో, వంకరటోపీతో, జగజ్జేత చూపుతో సహా పెరికితెచ్చి, నీళ్లు చల్లి మడి చేసి, గిన్నెపై పట్టాభిషిక్తము గావించెను.

"నువ్వు నన్ను చూడత్తా. మామను పిల్లోళ్లు చూస్తారు" అనెను, ఈమారు మామూలుగానే.

కృష్ణాబాయి తల ప్రక్కకు వంచి ఆ మూతను పరిశీలించెను.

"కానీలేప్పా. నిన్ను చూస్తే పిల్లి గూడ జడుసుకుంటాది."

అట్లు ఆ విజయశీలుడు పొడిబట్టలు కట్టి, తుమ్ముచు, మామను రొమ్మున కదుముకొని ఆదోని బస్సు నధిరోహించెను. లోకులారా, చాటుడు! ఒక కళాశాలకు దాని తొలి ముఖములు దక్కినవి. పెరుగులో ఈగ పడలేదు.