పొగగొట్టంలో కజ్జలాసుర సంగ్రామం

తొలిమంచు కిటికీ అద్దాలమీద తెల్లని లిపిలో శాసనాలు చెక్కుతుండగా, పాలసీసాల గలగలలే మంగళవాద్యాలుగా, పక్కింటి కుక్క ఆవులింతే శంఖారావంగా, చలికాలపు మొదటి సోమవారం ఉదయం తొమ్మిది గంటల పదిహేడు నిమిషాల శుభముహూర్తాన, మూడు గదులూ ఒక వంటిల్లూ పద్నాలుగు గడియారాలూ గల ఒకానొక ఇంటి ముందుగదిలో, పాత దుప్పటిని కవచంగానూ ఈతకొలను కళ్లద్దాలను శిరస్త్రాణంగానూ ధరించి, చలికాచుకునే ఇటుకపొయ్యి ఎదుట మోకాళ్లు రెండూ ఒక్కసారిగా టక్కుమనగా కూర్చున్న మహావీరుని గాథ ఇది. దీనిని విన్నవారికి దగ్గు రాదు. చదివినవారి ఇంట పొగ పైకే పోవును.

ఆ వీరుడు గడియారాలు బాగుచేసేవాడు. చీమ తలకాయంత మరను ఊపిరి బిగబట్టి బిగించగల సూక్ష్మకీలవిశారదుడు. ఆగిన కాలానికి ప్రాణం పోయు ఘటికావైద్యశిఖామణి. వీధిలో మాత్రం అందరూ సెకన్లాయన అనేవారు.

ఇక శత్రువు. రెండు శీతకాలాల పొగను మేసి, పొగగొట్టం గోడలకు బెత్తెడు మందాన కరుచుకుని, గాలి వీచినప్పుడల్లా గుర్రుపెట్టే ఆ మసిముద్దకు కజ్జలాసురుడని పేరు పెట్టుకుందాం. పదిహేను రోజుల కిందట పొగగొట్టాల తనిఖీ అధికారిణి వచ్చి కర్రతో రెండు దెబ్బలు తట్టగా, వాడు తన శరీరం నుంచి పిడికెడు తీసి ఆమె బూట్లమీద కానుకగా వేశాడు. ఆమె కోప్పడలేదు. మసి అంటే చెత్త మాత్రమే కాదని, అది నిప్పందుకుంటే మంట గొట్టంలోనే ఎగబాకి ఇంటికప్పుకు అంటుకుంటుందని, ఎదిగిన మనిషికి చెప్పవలసిన తీరులో మెల్లగా చెప్పింది.

"వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం నాలుగింటికి వస్తానండీ. కిందనుంచి అద్దం పెట్టి చూస్తే ఆకాశం కనపడాలి. కనపడకపోతే రేకు బిగించి సీలు వేసేస్తాను, ఏమీ అనుకోకండి."

సీలు పడితే ఆ ఇంటికి పోయేది పొయ్యి కాదు, అత్తగారు.

ఎనభై ఒక్క ఏళ్ల అత్తగారి పాదాలు ఏ ఋతువులోనైనా మంచుగడ్డలే. రెండు జతల ఊలు మేజోళ్లు వాటికి నిత్యదుర్గాలు. కూతురు కన్నుమూసి ఏడాదిన్నర అయినా ఆమె అల్లుడి ఇంట్లోనే ఉండిపోయారు. ఉండమని ఎవరూ అడగలేదు, వెళతానని ఆమె అనలేదు. ఆమె కొడుకు, అనగా మన వీరుడి బావమరిది, రొట్టెల దుకాణం నడుపుతాడు. దుకాణం పైనే అతని ఇల్లు. కింద కరెంటు బట్టీలు వేడెక్కుతూ ఉంటే పైన నేల వెచ్చగా ఉంటుంది. పొయ్యికి సీలు పడితే అమ్మను చలిలో ఉంచనని, తనతో తీసుకువెళ్తానని అతను అన్నాడు. అది న్యాయమైన మాట. అత్తగారు మాత్రం ఆ రాత్రి భోజనం దగ్గర ఇలా అన్నారు.

"వాడింట్లో వెచ్చగానే ఉంటుంది. కానీ మంట కనపడదు. నేను ఎవరితో మాట్లాడను?"

ప్రతి సాయంత్రమూ ఆమె ఆ మంటకు అల్లుడి లోపాలన్నీ పేరుపేరునా విన్నవించుకునేవారు. అల్లుడు పక్కనే కూర్చుని గడియారానికి కీ ఇస్తూ వినేవాడు. ఆ ఇద్దరికీ అంతకంటె మంచి కాలక్షేపం లేదు.

పొగగొట్టాలు దులిపే మనిషికి నెలాఖరుదాకా తీరిక లేదట. కాబట్టి వీరుడు అటకమీది రేకుపెట్టెను తానే దించాడు. అది ఇల్లాలి ఆయుధాగారం. ఇరవై ఆరేళ్లపాటు ఆ యుద్ధాలన్నీ ఆమే చేసింది. ఆయన వంతు ఎదుటి కాలిబాటమీద మెడ ఎత్తి నిలబడి, గొట్టం కొసన బ్రష్షు బయటపడగానే "వచ్చింది" అనడం. ఆ ఒక్క మాటలో ఆయన ఏనాడూ పొరపడలేదు. పెట్టెలో ఒకదానికొకటి మరతో బిగించే ఆరు కడ్డీలు, మొదటి కడ్డీ కొసకు మరతోనే బిగించే ముళ్లపందిలాంటి బ్రష్షు, వీధిలోంచి కనపడాలని దానికి కట్టిన ఎర్ర రిబ్బను. మూత లోపలివైపు పెన్సిలుతో రాసి అంటించిన చీటీ: "కుడివైపుకే తిప్పాలి. ఎడమకి తిప్పారో, ఇక మీ ఇష్టం."

కాలిబాటమీది ఆ పాత పదవిలోకి ఇప్పుడు బావమరిది వచ్చాడు, ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో, చేతిలో పెద్ద సంచితో.

"ఆ కళ్లద్దాలేంటి బావా, గొట్టంలో ఈత కొడతావా?"

"నువ్వు బయట నిలబడి, బ్రష్షు కనపడితే చెప్పు. అంతే నీ పని."

"కనపడకపోతే?"

"అమ్మ సామాను సర్దుకుపోదువు గానీలే. సంచి కూడా తెచ్చుకున్నావుగా."

"సంచిలో బ్రెడ్డుంది బావా."

కుర్చీలోంచి అత్తగారు కలగజేసుకున్నారు. "మీరిద్దరూ వాదించుకుంటూ ఉండండి, గొట్టం దానంతటదే శుభ్రపడుతుంది."

అంతట వీరుడు పొయ్యికి దుప్పటి తెర కట్టి, తెర చీలికలోంచి బ్రష్షును లోనికి పంపి, "ఓరీ కజ్జలాసురా, ధూమభక్షకా, ఇటుకల నడుమ దాగిన పిరికిపందా, పాదశైత్యపీడితయైన వృద్ధమాతను గృహచ్యుతను చేయజూచు నీ గర్వమును ఈ ముళ్లబ్రష్షుతో రేణువులు రేణువులుగా రాల్చి, నిన్ను బకెట్లో పోసి మూత పెట్టకున్న నేను ఘటికావైద్యుడనే కాను" అని గర్జించాడు. ఈ గర్జన అంతా మనసులోనే జరిగింది. నోటికి గుడ్డ కట్టి ఉన్నందున బయటికి "ఊఁ" అని మాత్రమే వినిపించింది.

మొదటి కడ్డీ దూసుకుపోయింది. రెండోది కుడికి తిరుగుతూ, మసిని కొండచరియలుగా కూలుస్తూ ఎగబాకింది. మూడోది ఎక్కేసరికి తెర వెనుక నల్లని వాన. నాల్గవ కడ్డీ దగ్గర, గొట్టం నడుము కాస్త వంపు తిరిగేచోట, రాక్షసుడు బ్రష్షును పళ్ల సందున బిగించి పట్టాడు. తోస్తే పోదు, లాగితే రాదు.

ఇక్కడే నలభై ఏళ్ల విద్య యజమానిని వెన్నుపోటు పొడిచింది. బిగిసిన మర దగ్గర బలం చూపకూడదు, అర చుట్టు వెనక్కి తిప్పి మళ్లీ ముందుకు పోవాలి. ఇది గడియారాలవాళ్ల మొదటి పాఠం. చేయి బుర్రను అడగలేదు. ఎడమకి తిప్పింది. మరుక్షణం కడ్డీలు పూచికపుల్లలంత తేలికైపోయాయి. లాగితే నాలుగూ వచ్చాయి. బ్రష్షు రాలేదు.

"ఏమైంది బాబూ?" అన్నారు అత్తగారు.

"బ్రష్షు పైన ఉండిపోయిందండీ."

"ఎడమకి తిప్పారా?"

మహావీరుడు కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఆ చీటీ మీకోసమే రాసింది. తనకి తెలియకనా?" అన్నారు అత్తగారు. ఆ మాటలో నింద లేదు. కూతురి ముందుచూపు చూసుకుని మురిసిపోవడం మాత్రం ఉంది.

బావమరిది లోపలికి వచ్చి, ఉత్త కడ్డీలను చూసి, నవ్వలేదు. ఆ నవ్వకపోవడానికి వీరుడు జన్మంతా ఋణపడి ఉండవలసిందే. ఒంటిగంట దాటిందని, అమ్మ బట్టలు తాను సర్దనా అని మాత్రం నెమ్మదిగా అడిగాడు.

"నా బట్టల సంగతి నాలుగింటికి చూద్దాం. బ్రెడ్డు ఇక్కడ పెట్టి, నువ్వెళ్లి నిలబడు."

బ్రెడ్డు వెచ్చగా ఉంది. రెండో ముక్క నములుతూ ఉండగా వీరుడికి తట్టింది. కంటికి కనపడని లోతులో మరను అందుకోవలసి వస్తే తను గడియారాల పనిలో ఏం చేస్తాడు? కళ్లు మూసుకుని, ముందు వెనక్కి తిప్పుతాడు. మర అంచు అంచుమీదనుంచి జారి గాడిలో పడినప్పుడు వేలికొసకు ఒక చిన్న టిక్కు తెలుస్తుంది. అప్పుడు కుడికి. బ్రష్షు ముళ్లు గోడల్లో గట్టిగా నాటుకుని ఉన్నాయి గనుక అది కడ్డీతోపాటు తిరగదు. శత్రువు పట్టే శత్రువుకు ఉరి.

కడ్డీల అతుకులన్నీ పటకారుతో బిగించి మళ్లీ పైకి పంపాడు. కొస బ్రష్షు అడుగునున్న ఇత్తడి మరకు తగిలింది. కానీ గోడగడియారపు చప్పుడు ఒకటి వేళ్లలోకి దూరి, ఏ టిక్కు దానిదో ఏ టిక్కు మరదో తెలియనివ్వడం లేదు. అది గమనించిన అత్తగారు కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు నడిచి, లోలకాన్ని ఒంటివేలితో పట్టి ఆపారు. ఆ వేలికి లోబడి కాలం నిలిచింది. మిగతా పదమూడు గడియారాలూ బాగుకు వచ్చినవే గనుక ముందే ఆగి ఉన్నాయి.

వీరుడు పెట్టె మూతవైపు చూశాడు. "ఈ ఒక్కసారికే" అని, పావు చుట్టు ఎడమకి తిప్పాడు.

టిక్కు.

కుడికి. మళ్లీ కుడికి. ఇంకా కుడికి. లాగి చూస్తే చేతికి బరువు తగిలింది. లోకంలో అంత హాయైన బరువు మరొకటి లేదు. అయిదో కడ్డీ బిగించాడు. వంపు దగ్గర రాక్షసుడు ఒక్క కేకతో విరిగి పొయ్యిలోకి కూలాడు. ఆరో కడ్డీ సగం పోయేసరికి అడ్డు తొలగి చేతులు ఖాళీగా తేలిపోయాయి.

బయట కాలిబాటమీద బావమరిది చూస్తున్నాడు. బూడిదరంగు ఆకాశంలోకి ముళ్లపంది ఒకటి తల ఎత్తింది. దాని మెడలో వెలిసిన ఎర్ర రిబ్బను. బడికి పోయే రోజుల్లో అక్క జడకు కట్టుకున్నదే. దాన్ని పట్టుకుని లాగినందుకు తను ఎన్ని మొట్టికాయలు తిన్నాడో తనకే తెలుసు. తను చెప్పకపోతే, గొట్టం కొస దాటిందో లేదో తెలియక బావ ఇంకా తోస్తూనే ఉంటాడు. అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గాలి తిరిగి, కజ్జలాసురుని కడపటి ఊపిరి తెల్లచొక్కామీద, తెరిచిన నోట్లో వచ్చి పడింది. రెండుసార్లు దగ్గి, మూడో ఊపిరికి, వీధిలో ఏడు కిటికీలు తెరుచుకునేంత గట్టిగా అన్నాడు:

"వచ్చింది బావా."

గోడగడియారం ఆగి ఉన్నందున నాలుగైన సంగతి ఆ ఇంట ఎవరికీ తెలియదు. అధికారిణి గుమ్మంలో నిలబడి, నలుపు తెలుపు కలిసిన ఒక మనిషినీ, పూర్తిగా నల్లటి ఒక మనిషినీ, నాలుగు బకెట్ల మసినీ చూసి, వంగి అద్దం పెట్టింది. అద్దంలో నాణెమంత ఆకాశం. తనకూ చూపించమన్నారు అత్తగారు. అధికారిణి అద్దాన్ని ఆమె కుర్చీవైపు వాల్చి పట్టుకుంది.

"మరీ చిన్నగా ఉందేమ్మా."

"సరిపోతుందండీ" అంది అధికారిణి, రేకును తిరిగి బండిలో పెట్టుకుంటూ.

అటుపిమ్మట వీరుడు లోలకాన్ని కదిలించి కాలాన్ని నడిపింపగా, పొయ్యి రాజుకొనగా, పొగ తన ధర్మమెరిగి పైకి పోగా, బావమరిది బావ చొక్కా తొడుక్కుని మిగిలిన బ్రెడ్డును మంటమీద కాలుస్తుండగా, ఉత్త సంచి తలుపు వెనుక కొక్కేనికి వేలాడుచుండగా, అత్తగారు అల్లుడు ఎడమకి తిప్పిన వృత్తాంతమును ఆమూలాగ్రముగా మంటకు విన్నవించి, పాదములు రెండూ ముందుకు చాచి, కొంతసేపు ఆలోచించి, చతుస్సముద్రములూ అష్టదిక్కులూ సాక్షిగా, రెండు జతల మేజోళ్లలో పై జతను విప్పెను.