ప్రారంభం కాని బడి

ఇకమీదట ఈ రాష్ట్రంలో ఏ తల్లీ బిడ్డను చంకనేసుకుని బడి కోసం వీధులు తిరగాల్సిన అవసరం లేదని మంత్రి కుప్పుస్వామిగారు తిరుపతిలో మైకు ముందు ప్రకటించిన సమయానికి, మోహన బిడ్డను చంకనేసుకుని బడి కోసం తిరుగుతూ, ఆ సభ వల్లే ఆగిపోయిన ట్రాఫిక్‌లో నిలబడి ఉంది.

"మూడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ఇంటి పక్కనే నర్సరీ! ఆట, పాట, డ్రాయింగ్, డాన్సు, అన్నీ ఒకే కప్పు కింద! ఈ పథకానికి పేరు కూడా నేనే పెట్టాను. బుడిబడి!"

పథకాలకు పేరు పెట్టడంలో కుప్పుస్వామిగారిది అందె వేసిన చెయ్యి. జనం చప్పట్లు కొట్టారు. మోహన కూడా కొట్టేదే, చేతులు ఖాళీ లేవు.

మోహన ఒక బట్టల షాపులో చీరల సెక్షన్‌లో పనిచేస్తుంది. భర్త గిరి నగరి నుంచి చెన్నైకి లుంగీల బేళ్లు తోలే లారీ డ్రైవరు. ఇంటికి చుట్టంలా వచ్చిపోతుంటాడు. మూడేళ్ల నవీనను ఇన్నాళ్లూ పక్కింటి బీబీజాన్ చూసుకునేది. కూతురి కాన్పుకని ఆమె తడ అనే ఊరికి వెళ్లిపోవడంతో మోహన బడుల వెంట పడింది. మొదటి స్కూల్లో పాపకు ఇంటర్వ్యూ అన్నారు. పాప ఇంటర్వ్యూలో నిద్రపోయింది. రెండో స్కూల్లో, సీటు కావాలంటే బిడ్డ కడుపులో ఉన్నప్పుడే చెప్పి పెట్టుకోవాలన్నారు. మూడో చోట స్కేటింగు, అబాకస్, కరాటే కలిపి ప్యాకేజీ అన్నారు. "ఇంకా చెప్పులే కుడిదెడమ వేసుకుంటుంది మేడమ్" అని మోహన అంటే, "అందుకే స్కేటింగు" అన్నారు. వీధి చివర సర్కారువారి పిల్లల కేంద్రం ఒకటి ఉండేది. కొత్త బిల్డింగులోకి మారుతున్నామని పాతదాన్ని మూశారు. ప్రారంభోత్సవం కాలేదని కొత్తదాన్ని తెరవలేదు.

అందుకని నవీన వారం రోజులుగా షాపులో, కౌంటరు కింద, చీరల కట్టల మధ్య పడుకుంటోంది. నిన్న ఒకావిడ కాలు తగిలి పాప కెవ్వుమంది. పాప కంటే ఆవిడే గట్టిగా అరిచింది. "సోమవారం నుంచి పాపొస్తే నువ్వు రాకు. నువ్వొస్తే పాపను తేకు" అని మేనేజరు మర్యాదగానే చెప్పాడు.

స్టేజీ మీంచి మంత్రిగారి చూపు జనంలో తిరిగి తిరిగి మోహన మీద ఆగింది.

"అదిగో, ఆ తల్లిని చూడండి! చంకలో బిడ్డ, కంట్లో ఆశ! పిలవండి ఆమెను!"

మోహన కంట్లో ఉన్నది దుమ్ము. అయినా జనాన్ని తోసుకుంటూ ఒక మనిషి వచ్చేశాడు. పేరు భానుచందర్. నిన్నటిదాకా పార్టీకి ఫ్లెక్సీలు కట్టేవాడు, ఈరోజు నుంచి బుడిబడి పథకానికి సమన్వయకర్త.

"రాక్కా, సార్ పిలస్తా ఉండారు."

"నేనేం తప్పు చేసినానన్నా?"

"తప్పు కాదక్కా, నువ్వు లబ్ధిదారు."

మంత్రిగారు నవీనను ఎత్తుకున్నారు. నవీన ఆయన కండువా నోట్లో పెట్టుకుని నమిలింది. "రేపట్నుంచి నీ బిడ్డ బాధ్యత నాది తల్లీ" అని ఆయన కండువా లాక్కున్నారు. ఫోటోలు బాగా వచ్చాయి.

నాయకులు మాట తప్పుతారని అనేవాళ్లు తెలుసుకోవలసింది ఏమిటంటే, మర్నాడు పొద్దున్నే మోహన ఇంటి ముందు నిజంగానే వ్యాను ఆగింది. తలుపు మీద తలుపంత మంత్రిగారి బొమ్మ. లోపల ఇరవై మందికి తక్కువ కాకుండా పిల్లలు. వాళ్ల మధ్య, మూసేసిన కేంద్రంలో ఆయాగా చేసిన ఆనందమ్మ, ఒకడి ముక్కు తుడుస్తూ ఇంకొకతెకు జడ వేస్తోంది. మోహనకు ఏడుపొచ్చినంత పనైంది. మొదటిరోజు కదా అని సెలవు పెట్టి తనూ ఎక్కింది.

వ్యాను తిరుపతి దాటింది. పుత్తూరూ దాటింది.

"ఇంటి పక్కనే అన్నారు గదన్నా?" అంది మోహన.

"ఎవురింటి పక్కనో ఒకరింటి పక్కనే గదక్కా" అన్నాడు భానుచందర్.

నగరి శివార్లలో కొత్త భవనం. గోడ మీద జిరాఫీ, కుందేలు, మంత్రిగారు. పిల్లల్ని రంగురంగుల కుర్చీల్లో కూర్చోబెట్టారు. మంత్రిగారు రావడం ఆలస్యమైంది, వచ్చాక మాత్రం అంతా చకచకా జరిగింది. రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, నవీన చేత పలక మీద అ దిద్దించారు. అ సగంలో ఉండగానే కెమెరా వాళ్లు చాలన్నారు. కార్లు వెళ్లిపోయాయి. భానుచందర్ పిల్లల్ని వ్యాను ఎక్కించి, భవనానికి తాళం వేశాడు.

"రేపట్నుంచి ఈడనేనా అన్నా బడి?"

"ఈడ బడేందక్కా?" భానుచందర్‌కు ప్రశ్న అర్థం కాలేదు. "ఇది ప్రారంభమైపోయింది గదా!"

"మరి తాళమెందుకు?"

"తెరిచి పెడితే పిల్లోళ్లు పాడు చేయరా?"

ఆ రాత్రి మోహన ఆలోచించింది. షాపు మానడమా, బిడ్డను ఊళ్లు తిప్పడమా? ఎటూ తేలక, పొద్దున ఆనందమ్మను అడిగింది: "అవ్వా, నిజం చెప్పు. పంపించేదా, వద్దా?"

"పంపు తల్లీ. బడి ఉంటే గోడల మద్దెన సెప్తా. లేకుంటే బండిలో సెప్తా. నాకు బిడ్డలుంటే సాలు" అంది ఆనందమ్మ.

నవీన వెళ్లింది. మోహన షాపుకు వెళ్లింది.

బుడిబడి జైత్రయాత్ర అలా మొదలైంది. వాన పడని పొద్దు ఉందేమో గాని, ప్రారంభోత్సవం పడని పొద్దు లేదు. ఇవాళ తడ, రేపు కార్వేటినగరం. వెళ్లేటప్పుడు ఆనందమ్మ కిటికీలోంచి ఎదురొచ్చే లారీలు లెక్క పెట్టించేది. ఎర్రవి, పచ్చవి, నీలివి వేరు చేయించేది. చేరాక అసలు చదువు. కుప్పుస్వామిగారు ఏనాడూ చెప్పిన వేళకు రాలేదు, పిల్లల చదువుకు ఆయన చేసిన గొప్ప సేవ అదే. ఆయన వచ్చేలోగా ఇసకలో అక్షరాలు, మేళగాళ్ల డప్పుకు డాన్సు, గోడకు కొట్టగా మిగిలిన రంగులతో డ్రాయింగు. మధ్యాహ్నం కార్యకర్తలకు తెచ్చిన పులిహోరలో పిల్లలకూ వాటా. తిరిగొచ్చేటప్పుడు వ్యానులో అందరికీ నిద్ర.

నెల తిరిగేసరికి నవీన అ నుంచి ఔ దాకా రాసేసింది. చెప్పులు సరిగ్గా వేసుకుంటోంది. ఎవరు మైకు పట్టుకున్నా, సరిగ్గా ఆపాల్సిన చోట చప్పట్లు కొడుతోంది. లారీ దిగి ఇంటికొచ్చిన గిరి, బిడ్డ నోట పాట విని, "ఏ కాన్వెంటులో చేర్పించినావే?" అని అడిగాడు. మోహన "మంత్రిగారి బడి" అంది.

అయితే భవనాలు ఎన్నని ఉంటాయి? వ్యాను పిల్లల తల్లులకు బెంగ పట్టుకుంది. ఒకరోజు అందరూ కలిసి భానుచందర్‌ను అడ్డగించారు.

"బిల్డింగులు అయిపోతే ఎట్లన్నా?" అని అడిగింది మోహన.

భానుచందర్‌కు అదే బెంగ. ప్రారంభోత్సవాలు అయిపోతే సమన్వయకర్త మళ్లీ ఫ్లెక్సీల నిచ్చెన ఎక్కాలి. అతను ఈ సంగతి మంత్రిగారి చెవిన వేశాడు. మంత్రిగారు తల్లుల ఆవేదనకు కరిగిపోయారు. మరుసటి వారం నుంచి అవే భవనాలకు ప్రహరీ గోడలు విడిగా, గేట్లు విడిగా ప్రారంభించడం మొదలైంది. కార్వేటినగరంలో కుళాయి ప్రారంభించారు. నీళ్లు రాలేదు గాని, అందుకు మళ్లీ ఒకసారి వెళ్లే అవకాశం దొరికింది. ఇంత ముందుచూపు ఉన్న నాయకుడు తల్లులకు మునుపెన్నడూ తారసపడలేదు.

బుడిబడి కీర్తి రాజధాని దాకా పాకింది. పథకం చూసి రమ్మని ఒక పెద్ద అధికారిణిని పంపారు. ఒక కొత్త భవనం ముందు ఆమె కళ్లద్దాలు సర్దుకుంటూ, మంత్రిగారు పక్కనుండగా, వ్యాను దిగుతున్న పిల్లల్లో నవీనను ఆపింది. పెద్ద అధికారిణి వస్తోందని తెలిసి, చూడ్డానికి మోహన కూడా సెలవు పెట్టి ఆరోజు వచ్చింది.

"నీ బడి ఎక్కడమ్మా?"

భానుచందర్ వెనకనుంచి భవనం వైపు చేతులు ఊపుతున్నాడు. నవీన అతన్ని చూసి, తనూ చెయ్యి ఊపింది. తర్వాత వ్యాను చూపించింది.

"అది బండి కదా?"

"మా బడి. అవ్వ పాటం చెప్తాది" అని, అడక్కుండానే ఐదు పాటలు వరసగా పాడి, ఇసకలో తన పేరు రాసి చూపించింది. 'వీ'కి గుడిదీర్ఘం కొంచెం పెద్దదైంది.

భానుచందర్ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అధికారిణి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"సార్, ఇది అద్భుతం. బిల్డింగు లేకుండా బడి! బిడ్డ దగ్గరకే బడి వెళ్లడం! ఈ ఐడియా ఎవరిది?"

"నాదే" అన్నారు మంత్రిగారు. ఆయన ఏనాడూ సమాధానానికి తడుముకోలేదు. ఆ తర్వాత వ్యాను వైపు తిరిగి, మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏం భానూ, ఈ వ్యానుకు ప్రారంభోత్సవం జరిగిందా?"

"లే... లేదు సార్."

"ఇన్నాళ్లూ ప్రారంభం కాకుండానే తిప్పతా ఉండావా?"

మోహన ముందుకు ఉరికింది. "సార్, వద్దు సార్! దండం పెడతా సార్! దీన్ని ఇట్లే వదిలేయండి!"

మంత్రిగారు చలించిపోయారు. "చూశారా మేడమ్, మా జనం ఎంత నిరాడంబరులో! మాకు ఆర్భాటం వద్దంటున్నారు. అట్లా అన్నోళ్లకే గదా మనం చెయ్యాల!"

వ్యాను ప్రారంభోత్సవం ఆ ఆదివారం తిరుపతిలో ఎంతో వైభవంగా జరిగింది. బండికి కొత్త రంగు వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయ. మంత్రిగారు జెండా ఊపారు. వ్యాను మైదానం చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, పార్టీ కార్యాలయం వెనక షెడ్డులోకి వెళ్లింది. దాని మీద టార్పాలిన్ కప్పారు. షెడ్డుకు తాళం వేశారు. వ్యానుకు విడిగా ఇంకో తాళం.

సోమవారం పొద్దున మోహన వీధి మలుపులో నిలబడింది. నవీన సంచి తగిలించుకుని, రాని బండి కోసం రోడ్డు చివరకు చూస్తోంది. ఎర్ర లారీ పోతే "ఎర్రది" అంది. పచ్చ లారీ పోతే "పచ్చది" అంది. షాపుకు వేళవుతోంది. చివరికి భానుచందర్ బైకు మీద వచ్చాడు. బైకు దిగలేదు, తలెత్తలేదు.

"తిప్పితే బండికి గీతలు పడతాయంట అక్కా. అవార్డుకు పంపించాల్నంట."

మోహన తిట్టలేదు. ఆమె అడిగింది ఒక్కటే: "ప్రారంభం కానిది ఇంకేమన్నా ఉండాదా అన్నా?"

భానుచందర్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఈ పక్క వీధిలోనే మా ఇంటి మిద్దె మీద ఒక రేకుల గది ఉండాది. ఆడ ఫ్లెక్సీలు పెట్టుకుంటా ఉండాను. ఖాళీ చేసిస్తా. సార్‌కు మటుకు తెలీకూడదు."

ఆ వారంలోనే పిల్లలందరూ మిద్దె ఎక్కారు. పాత ఫ్లెక్సీలు తిరగేసి పరిస్తే చాపలయ్యాయి. వెనకవైపు తెల్లటి భాగం మీద ఆనందమ్మ బొగ్గుతో అంకెలు రాయించింది. భానుచందర్ భార్య రాగి సంగటి ముద్దలు చేసి పంపేది. తల్లులు కూరలు పంపేవాళ్లు. పిల్లలు మెట్ల మీద చప్పుడు చేయకుండా ఎక్కడం, దిగడం నేర్చుకున్నారు. ఏ పేపరులోనూ ఒక్క ముక్క రాలేదు. ఇంటి పక్కనే నర్సరీ అన్న మంత్రిగారి మాట, ఆయనకు తెలియకుండా, అక్షరాలా నిజమైంది. మోహనకు షాపులో చాన్నాళ్లకు చీర మడత సరిగ్గా కుదిరింది.

దీపావళి దాటిన కొన్నాళ్లకు, ఒక పొద్దున మోహన నవీనను దింపడానికి వచ్చేసరికి భానుచందర్ ఇంటి ముందు రోడ్డులో గుంతలు తవ్వుతున్నారు. షామియానా గుంజలు బండిలోంచి దింపుతున్నారు. గేటుకు ఒకడు మామిడాకులు కడుతున్నాడు. భానుచందర్ అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"సార్ పుట్టినరోజుకని కలవడానికి పోయినానక్కా. బాగుండావా భానూ అని బుజం మీద చెయ్యేసినాడు. మనసు నిలవలేదు. నోరు జారినాను."

మోహన మెట్ల వైపు పరిగెత్తింది. గది ఖాళీగా ఉంది. చాపలు లేవు, పలకలు లేవు. పెరటి వైపు నుంచి సన్నగా పాట వినిపించింది. పిట్టగోడ మీంచి వంగి చూస్తే, సందులో పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని బారుగా నడుస్తున్నారు. ఆనందమ్మ చంకలో చాపలు, నెత్తిన సంగటి గిన్నె.

మోహన నవీనను ఎత్తుకుని దిగి, వరస చివరన వదిలింది. నవీన ముందున్న పిల్లవాడి చొక్కా పట్టుకుంది.

"యాడికవ్వా?" అని మోహన రొప్పుతూ అడిగింది.

ఆనందమ్మ ఆగలేదు. వెనక్కి తిరగలేదు కూడా.

"సాయంత్రం ఈ సందు కాడికే తెచ్చి ఇడుస్తా. యాడికో మటుకు సెప్పను తల్లీ. సెప్తే ఆడికీ కొబ్బరికాయ పట్టుకోనొస్తారు."